మా జేజినాయన బ్రనో .22 రైఫిల్: తుప్పు కవర్ నుంచి 50 మీటర్ల రేంజ్ దాకా, పూర్తి కేస్ స్టడీ

2022 ఫిబ్రవరిలో రైఫిల్ నా చేతికొచ్చిన రోజు కవర్ జిప్పు రాలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చివరికి కత్తెరతో రెక్సిన్ కోసి తీస్తే లోపలి ఎర్ర గుడ్డ లైనింగ్ బ్యారెల్‌కి అతుక్కుని పోగులు పోగులుగా ఊడొచ్చింది, చూసి కాసేపు నోట మాట రాలేదు. ఎడమ పక్కంతా ఇటుక పొడి చల్లినట్టు ఎర్రగా ఉంది, కుడి పక్క తిప్పితే నల్లగా నున్నగా, జేజినాయన నిన్న సాయంత్రమే తుడిచి పెట్టినట్టు ఉంది. ఆ తేడానే నాకు దొరికిన మొదటి ఆధారం. గాలి తేమకే తుప్పు పట్టుంటే రెండు పక్కలా పట్టాల కదా, ఇది పడుకోబెట్టిన పక్కనే పట్టింది, అంటే తేమంతా ఆ గుడ్డ లైనింగ్ పీల్చుకుని సంవత్సరాల తరబడి ఇనుముకి ఆనించి పెట్టింది.

మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె, నేను ఉండేది కడపలో, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్తా. చిన్నప్పటి నుంచి ఇనుముతో పని కాబట్టి ఇది నాకు తేలికే అనుకుంటిని. అట్ల అనుకోవడమే ఎంత తప్పో మధ్యలో ఒకచోట తెలిసొచ్చింది, ఆ చోటు వచ్చినప్పుడు చెప్తా.

తుపాకీ ఏందంటే బ్రనో మోడల్ 2, బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ వెనక పిడి చేత్తో లాగి తోయాల), 5 తూటాల మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా). చెకోస్లొవేకియాలోని బ్ర్నో ఊళ్ళో జ్‌బ్రోయోవ్‌కా ఫ్యాక్టరీది. మన ఆర్మీ చానా ఏండ్లు వాడిన బ్రెన్ గన్ పేరులో మొదటి సగం కూడా ఆ ఊరిదే, బ్ర్నోకి ఎన్‌ఫీల్డ్ కలిపితే బ్రెన్. మా దాని మీద సింహం ముద్ర, పక్కన 64 అని రెండంకెలు ఉన్నాయి, అంటే 1964లో ప్రూఫ్ టెస్టు (ఎక్కువ మందుతో కాల్చి గొట్టం బలం చూసే పరీక్ష) అయింది. జేజినాయన దీంతో వయసులో కౌజులు కొట్టేవాడంట, 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినాక వేట ఆపేసి గోడకి తగిలించినాడు. అప్పటి నుంచి అది బయటికొచ్చేది రెండు సందర్భాలకే, ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయడానికి, దసరాకి ఆయుధ పూజకి.

2019 ఏప్రిల్ ఎన్నికలకి డిపాజిట్ చేసినాడు, అది తిరిగి ఇంటికి రాకముందే జూన్‌లో ఆయన పోయినాడు. లైసెన్స్ ఉన్న మనిషి పోతే ఆ తుపాకీ ఇంట్లో ఉండకూడదు, 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్‌లో ఉండాల్సిందే. అట్ల స్టేషన్ నుంచి డీలర్ దగ్గరికి పోయింది, మా నాయన, చిన్నాయన, మేనత్త అందరూ మాకు అభ్యంతరం లేదని రాసిచ్చినారు, నేను వారసుడిగా కలెక్టరాఫీసుకి అప్లై చేసి, పోలీస్ ఎంక్వైరీ, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ అన్నీ అయ్యేసరికి ఇంత కాలం పట్టింది. తుప్పుకి స్టేషన్ వాళ్ళనీ డీలర్‌నీ అనేదేం లేదు, వాళ్ళకి కవర్‌తో సహా ఇచ్చింది మేమే, వాళ్ళు కవర్‌తో సహా పెట్టినారు.

ఇంకో విషయం ముందే చెప్పాల. తుపాకీ మనదే, లైసెన్స్ మన పేరు మీదే ఉంది కాబట్టి రిపేరు కూడా మనమే చేసుకోవచ్చు అని చానామంది అనుకుంటారు. అదే చట్టం 5వ సెక్షన్‌లో తుపాకీ తయారీ, అమ్మకంతో పాటు రిపేరు, టెస్టింగ్ కూడా లైసెన్స్ ఉన్నవాళ్ళే చేయాలని ఉంది. తుడుచుకోవడం, నూనె వేసుకోవడం వేరు, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, చేయి పెట్టడం వేరు. అందుకని నేను ముందే గీత గీసుకున్నా: ఇనుము పని మొత్తం లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ షాపులో ఆయన చేతి కింద, కట్టె (భుజానికి ఆనించే చెక్క భాగం) పని మాత్రం మా ఇంట్లో. నా లైసెన్స్ ఏరియా ఆంధ్ర వరకే కాబట్టి రాష్ట్రం లోపలే ఒక పెద్దాయన్ని వెతుక్కుని పోయినా, అరవై దాటినాయన, నేను అన్నా అంటా, ఆయన నన్ను సార్ అంటాడు. రైఫిల్ నంబరు ఆయన రిజిస్టర్‌లో ఎక్కించుకున్నాకే బల్ల మీద పెట్టినాడు.

మొదటి రోజు ఆయన నన్ను ఏదీ విప్పనీలేదు. కాయితం తీసుకుని తుపాకీ బొమ్మ రెండు పక్కలా గీయమన్నాడు, ఎక్కడెక్కడ ఏముందో రాయమన్నాడు. నేను పిల్లలకి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ రాయడం నేర్పించేవాణ్ణి, అయినా తుప్పు చూడగానే చేతులు ఎమరీ పేపర్ కోసం వెతికినాయి. గీసినాక చూస్తే, కుడి పక్కన కూడా రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఇనుప భాగం) మీద మూడు మచ్చలు ఉన్నాయి, గుండ్రంగా, రూపాయి బిళ్ళలో సగం సైజు, ఒకదాని పక్కన ఒకటి సమానమైన దూరంలో. మచ్చ మధ్యలో చిన్న చిన్న గుంటలు, గోరు పెడితే తగుల్తాయి. అన్న భూతద్దం పెట్టి చూసి ఇది కవర్ తుప్పు కాదు, చానా పాతది అన్నాడు. నాకు ఆ దూరాలు చూడగానే గుర్తొచ్చింది, మా అవ్వ మూడు వేళ్ళు. ప్రతి దసరాకి పసుపు తడిపి పూసి దాని మీద కుంకుమ బొట్టు, ఎప్పుడూ అదే చోట, మూడు బొట్లు. తడి పసుపు, దాని మీద కుంకుమ, అది ఎండి రాలేదాకా ఎవరూ తుడవరు, దేవుడి బొట్టు కదా. ఇరవై ముప్పై దసరాలు అదే చోట పడితే ఎంత మంచి ఉక్కు అయినా గుంటలు పడతాది.

ఆ మూడు గుంటలు పూడ్చాలా వద్దా అని అన్న అడిగినాడు. వద్దన్నా.

ఇంక అసలు జబ్బు సంగతికొస్తా. డీలర్ దగ్గర తీసుకునేటప్పుడే ఒక మాట చెప్పినారు, ఇది కొన్నిసార్లు పేలదు, పేలితే ఖాళీ కేసు (తూటా ఇత్తడి డొల్ల) బయటికి రాదు అని. రెండు లక్షణాలు. అన్న ముందు బోర్ (గొట్టం లోపలి భాగం) చూసి, బోల్ట్ బిగింపు చూసి, ఇబ్బంది లేదనుకున్నాక తన టెస్టింగ్ చోట 10 తూటాలు వేసినాడు. 3 పేలలేదు. పేలిన 7లో 4 కేసులు ఛాంబర్‌లోనే ఇరుక్కున్నాయి, బోల్ట్ వెనక్కి లాగితే ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని పట్టి లాగే కొక్కెం) అంచు మీద నుంచి జారిపోతాంది, కేసుని ముందు నుంచి రాడ్‌తో తోయాల్సొచ్చింది.

నేనైతే ఒక్క క్షణంలో తేల్చేసినా, ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే మొన) స్ప్రింగ్ బలహీనమైంది, ఎక్స్‌ట్రాక్టర్ అరిగింది, రెండూ మారుస్తే సరి అని. అన్న తల అడ్డంగా ఊపినాడు. బోల్ట్ విప్పి చూపించినాడు, లోపల ఫైరింగ్ పిన్ చుట్టూ తేనె రంగులో గట్టి జిగురు, సూదితో గీకితే పొరలు పొరలుగా లేస్తాది. వాసన చూడమన్నాడు. శెనక్కాయ నూనె! మా నాయనకి ఫోన్ చేసి అడిగితే అవును రా, గానుగ నూనె ఇంట్లోనే ఉండేది కదా, దాంతోనే తుడిచేవాళ్ళం అన్నాడు. ఇట్లాంటి వంటనూనె ఏండ్లు గడిచేకొద్దీ గాలికి చిక్కబడి జిగురైపోతాది, దోసె పెనం అంచున పట్టే గోధుమ రంగు పొర ఎట్లుంటాదో అట్ల. పిన్ ఆ జిగురులో ఈదుకుంటూ ముందుకు పోతాంది, దెబ్బలో బలం యాడుంటాది? థిన్నర్‌లో నానబెట్టి కడిగి, ఆరబెట్టి, పల్చగా ఒక్క చుక్క గన్ ఆయిల్ వేసి మళ్ళీ బిగిస్తే 10కి 10 పేలినాయి. స్ప్రింగ్ మార్చలేదు, 1964 స్ప్రింగే.

కానీ కేసులు ఇరుక్కోవడం మాత్రం పోలేదు. ఇక్కడే నేను తప్పు చేయబోయినా.

దీనికి కొంచెం వెనక కథ కావాల. మామూలు పెద్ద తూటాకి అడుగున మధ్యలో క్యాప్ ఉంటాది, పిన్ దాన్ని కొడ్తాది. .22 రిమ్‌ఫైర్‌కి క్యాప్ ఉండదు, మండే మందు కేసు అడుగు అంచు మడతలోనే చుట్టూ పూసుంటాది, పిన్ ఆ అంచుని నలిపితే అంటుకుంటాది. 1845లో ఫ్రాన్స్‌లో ఫ్లోబెర్ మొదలుపెట్టిన పద్ధతి, 1857లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు .22 షార్ట్ తెచ్చినారు, ఇప్పుడు అందరం వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీది. పిన్ నలపగలగాలంటే అంచు పల్చగా ఉండాల, అందుకే రిమ్‌ఫైర్ కేసు ఇత్తడి చానా పల్చన. ఇప్పుడు ఆలోచించండి, ఛాంబర్‌లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిన్ ఏమి కొడ్తాది? పెద్ద తుపాకీలో అయితే ఖాళీలోకి పోతాది. రిమ్‌ఫైర్‌లో అంచు ఉండాల్సిన చోట తూటా లేదు కాబట్టి నేరుగా ఛాంబర్ మూతి ఉక్కునే కొట్టే ప్రమాదముంది. మంచి డిజైన్లలో పిన్ వెంట్రుక వాసి ముందే ఆగేట్టు చేస్తారు, కానీ అరిగినాక ఆ వాసి మిగలదు.

మా ఇంట్లో దసరా పూజ అయినాక ఆచారం ఇంకోటి ఉండేది. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, తుపాకీ ఖాళీ అని జేజినాయన రెండుసార్లు చూసి, గొట్టం గోడకి పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కనిచ్చేవాడు. టిక్ మని వచ్చే ఆ శబ్దం కోసం సంవత్సరమంతా కాచుకునేవాళ్ళం. నేను, మా అన్నదమ్ములు, మేనత్త పిల్లలు, మా తర్వాతి వరస పిల్లలు. లెక్క వేస్తే కొన్ని వందల టిక్‌లు.

అన్న ఛాంబర్ మూతిలోకి చిన్న టార్చి వేసి భూతద్దం నా చేతికిచ్చినాడు. గడియారంలో 12 ఉండే చోట, పిన్ ముక్కు ఆకారంలో సొట్ట, దాని లోపలి పక్కన ఉక్కు ఛాంబర్‌లోకి పొడుచుకొచ్చి చిన్న గడ్డ మాదిరి నిలబడింది. పేలినప్పుడు పల్చటి ఇత్తడి ఉబ్బి ఆ గడ్డ చుట్టూ అచ్చు పోసినట్టు అతుక్కుంటాది, మళ్ళీ లాగితే రాదు. ఇరుక్కుని వచ్చిన కేసులు తెచ్చి చూసుకుంటే నాలుగింటి మీదా అదే చోట అదే గీత, నాకు నిజంగా ఒళ్ళు ఝల్లుమంది.

నేను ఫిట్టర్‌ని. పొడుచుకొచ్చిన ఉక్కు కనిపిస్తే నా చేతికి వచ్చేది ఆకురాయే. సన్న గుండ్రటి ఆకురాయి నా డబ్బాలో ఉంది, తీసి, రెండు నిమిషాల పని అన్నా, అంటూనే ఛాంబర్ దగ్గరికి పెట్టినా. అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

"సార్, ఆకురాయి లోపల పెట్టండి. ఆ ఉక్కు యాడ నుంచి వచ్చింది?"

"సొట్ట పడిన చోటి నుంచి."

"మరి దాన్ని మీరు తీసేస్తే సొట్టలోకి ఏమొస్తాది? ఏమీ రాదు. అది ఎక్కువ ఉక్కు కాదు సార్, జరిగిన ఉక్కు. దాన్ని వెనక్కి పంపియ్యాల."

నేను ఇరవై ఏండ్లుగా పాఠం చెప్తాండాను, ఈ మాట ఎప్పుడూ ఇట్ల ఆలోచించలేదు. ఆకురాయి పెట్టి గడ్డ గీకేస్తే కేసు సులభంగా వస్తాది, కానీ సొట్ట అట్లే ఉంటాది, పైగా ఛాంబర్ ఆ చోట కొంచెం పెద్దదవుతాది. పల్చటి అంచుకి అక్కడ ఆసరా ఉండదు, ఒకరోజు అంచు చిట్లితే వేడి గ్యాసు, ఇత్తడి తునకలు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికొస్తాయి. పిన్ కొట్టేది కూడా సరిగ్గా ఆ చోటే కాబట్టి సొట్ట ఉంటే అంచు సరిగ్గా నలగక మళ్ళీ పేలకపోవడం మొదలవుతాది.

ఆయన వాడిన పనిముట్టు చిన్నది, గట్టిపరచిన ఉక్కు మొన, ఛాంబర్ కొలతకి సరిపోయి ముందుకు సన్నబడుతూ పోతాది, ఒక పక్కన నున్నటి ఉబ్బు. నూనె వేసి ఛాంబర్‌లో పెట్టి, ఆ ఉబ్బు గడ్డకి ఆనేట్టు తిప్పుకుంటా మెల్లగా నెడతా పోయినాడు. ఇస్త్రీ మాదిరే, మడతని కత్తిరించకుండా సాపు చేయడం. పావుగంట పట్టింది. మధ్య మధ్యలో తుడిచి, ఖాళీ కేసు పెట్టి తీసి, మళ్ళీ నెట్టి. అయినాక భూతద్దంలో చూస్తే గడ్డ లేదు, సొట్ట ఉన్న చోట సన్నటి నీడ మాత్రం ఉంది. పిన్ ఎంత ముందుకొస్తాందో కూడా కొలిచి, బోల్ట్ మూసినాక అది ఛాంబర్‌ని తాకకుండా సరిచేసినాడు, అది ఎట్ల చేసినాడో రాయను, అది ఆయన లైసెన్స్ పని, ఇంట్లో చేసుకునేది కాదు.

దాని తర్వాత ఈ ప్రాజెక్టులో ప్రతి చోటా నాకు అదే ప్రశ్న. తుప్పు గీకేయాలా? ఇంతకుముందైతే ఎమరీ పేపర్ 400తో మొదలుపెట్టేవాణ్ణి. ఊళ్ళో బండ్ల సైలెన్సర్లకి బఫింగ్ కొట్టే తెలిసినోడు ఒకడు అరగంటలో అద్దం చేసిస్తా అన్నా అని కూడా అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. బఫ్ వీల్ పెడితే అక్షరాల అంచులు కరిగిపోతాయి, ఫ్యాక్టరీ పేరు, ప్రూఫ్ ముద్ర, సీరియల్ నంబరు. నంబరు చెరిగితే అది అందం పోవడం మాత్రమే కాదు, ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది నంబరు, గుర్తులు చెరపడమే నేరం. మొదటి రోజే నంబరు మీద పల్చటి కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి పెట్టుకున్నా, లైసెన్స్‌లో నంబరుతో అంకె అంకె పోల్చి చూసుకున్నా, పని అయినాక కూడా మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టినా.

తుప్పుకి చేసింది ఉడకబెట్టడం. వినడానికి వింతగా ఉంటాది. ఎర్ర తుప్పు అంటే నీళ్ళు పట్టుకున్న ఐరన్ ఆక్సైడ్, వదులుగా ఉంటాది, తింటానే పోతాది. దాన్ని మరిగే నీళ్ళలో ఉంచితే మాగ్నెటైట్ అనే నల్ల ఆక్సైడ్‌గా మారుతాది, అది ఉక్కుకి గట్టిగా అంటుకుని రక్షణ పొర అవుతాది. పాతకాలం తుపాకులకి నలుపు ఎక్కించిన పద్ధతే ఇది, కావాలని తుప్పు పట్టించి ఉడకబెట్టేవాళ్ళు, మాకు తుప్పు ముందే ఉంది. నీళ్ళు ముఖ్యం. మా కడప బోరు నీళ్ళు అయితే గిన్నె అడుగున తెల్లగా గడ్డ కడ్తాయి, అవి వాడితే ఉక్కు మీద తెల్ల మరకలు పడతాయి. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్లు ఆరు కొన్నా. తొట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో పొడుగ్గా చేయించుకున్నా, బ్యారెల్ రిసీవర్‌తో కలిపి పట్టేట్టు. జీఐ రేకుతో చేయిస్తే చవకే కానీ దాని మీది జింకు నీళ్ళలోకి వస్తాది, వద్దు.

సైటు, ట్రిగ్గర్ సెట్, స్ప్రింగులు అన్నీ విప్పేసి, బ్యారెల్ లోపల నూనె రాసి రెండు కొసలకీ వేప చెక్కతో చెక్కిన బిరడాలు కొట్టి, పైన మాత్రం జిడ్డు ఒక్క చుక్క లేకుండా థిన్నర్‌తో తుడిచి తొట్టిలో దింపినాము. జిడ్డున్న చోట రంగు మారదు, వేలిముద్ర పడినా ఆ వేలిముద్ర అట్లే ఎర్రగా మిగుల్తాది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. అరగంట మరిగినాక తీస్తే, ఆ వేడికే నీళ్ళు క్షణంలో ఆవిరై పోయినాయి, ఎర్రగా ఉన్న పక్కంతా నల్ల మఖమల్ గుడ్డ మాదిరి అయింది. నేను చేసిన పనులన్నిట్లో అంత సంతోషం ఇచ్చిన నిమిషం ఇంకోటి లేదు. ఆ మఖమల్‌ని నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడవాల, స్టీల్ ఊల్‌కి ఫ్యాక్టరీ నూనె ఉంటాది, దాన్ని కూడా ముందు థిన్నర్‌లో కడగాల. వదులుగా ఉన్నది పోతాది, పట్టుకున్నది మిగుల్తాది. మళ్ళీ ఉడకబెట్టు, మళ్ళీ తుడువు. నాలుగుసార్లు చేసినాము. ఎడమ పక్క నలుపు కుడి పక్కతో పూర్తిగా కలవలేదు, ఎండలో చూస్తే కొంచెం బూడిద ఛాయ ఉంటాది, లోతు గుంటలు గుంటలుగానే ఉన్నాయి. కలపాలని నేను ఇంకేమీ చేయలేదు. పొడి గుడ్డతో రుద్దితే ఎర్ర పొడి రావడం ఆగింది, అదీ కావాల్సింది.

కట్టె పని మొత్తం మా మిద్దె మీద, మే నెలలో. వాల్‌నట్ కట్టె మీద ఎవరో ఎప్పుడో మంచాలకి కొట్టే వార్నిష్ మందంగా కొట్టినారు. దాని కింద చేతితో పట్టుకునే సన్న భాగం నల్లగా, మెత్తగా, దశాబ్దాల నూనె తాగేసింది, రిసీవర్ వెనక కొస దగ్గర రెండంగుళాల పగులు. నూనె తాగిన కట్టెకి ఏ జిగురూ పట్టదు, ముందు నూనె బయటికి రావాల. ఈ పనికి కడప ఎండ కంటే మంచి మిషన్ ఇంకోటి లేదు. వార్నిష్ రిమూవర్‌తో తీసేసి, సుద్దపొడి థిన్నర్‌లో ముద్దగా కలిపి నల్లబడిన చోట వేలు మందం పూసి, మధ్యాహ్నం కడప బండల మీద పెట్టినా. బండ వేడి కింద నుంచి, ఎండ పై నుంచి, గంటలో తెల్ల సుద్ద పసుపుగా, సాయంత్రానికి గోధుమ రంగుగా మారింది. రాలగొట్టి మళ్ళీ పూసినా. తొమ్మిది రోజులు అట్లే. పదో రోజు సుద్ద తెల్లగానే మిగిలింది. ఒక హెచ్చరిక, ఎండలో నూనె లాగడానికి పెట్టినప్పుడు నీడలో చల్లారనివ్వాల, వేడి కట్టెని చల్లటి నేల మీద పెడితే కొత్త పగులు వస్తాది.

పగులులోకి పల్చటి ఎపాక్సీ జిగురు సిరంజితో ఎక్కించి, పాత సైకిల్ ట్యూబుని రిబ్బన్ మాదిరి కోసి గట్టిగా చుట్టి రెండు రోజులు వదిలేసినా. సొట్టల విషయంలో మళ్ళీ అన్న మాటే. ఉప్పు కాయితంతో సొట్ట పోయేదాకా చుట్టూ అరగదీయొచ్చు, కానీ అప్పుడు కట్టె ఇనుము కంటే కిందికి దిగిపోతాది, అంచులు గుండ్రంగా అయిపోతాయి, ఏ పాత తుపాకీ అయినా ఎవరో గుడ్డిగా రుద్దినారని అక్కడే తెలిసిపోతాది. సొట్టలో కట్టె పోగులు నలిగి ఉంటాయి అంతే, యాడికీ పోలేదు. తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె మొనతో ఆవిరి పట్టిస్తే తాగి మళ్ళీ లేస్తాయి. పదిహేను సొట్టల్లో పన్నెండు లేచినాయి, పోగులు తెగిన మూడు లేవలేదు. తర్వాత పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ అవిసె నూనె, అరచేతితో రుద్ది, మిగిలింది తుడిచేసి, రోజుకొకటి చొప్పున పదకొండు పూతలు. ఆ నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయకండి, ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి, మన ఎండలకి అసలే కుదరదు. నేను నీళ్ళ బకెట్‌లో ముంచి తర్వాత పారేసేవాణ్ణి.

మిగిలినవి చిన్నవి. మ్యాగజైన్ పెదవి (తూటాని పట్టి ఆపే పై అంచు) ఒకటి తెరుచుకుంది, అన్న శ్రావణంతో సరిచేసినాడు. ట్రిగ్గర్ గట్టిగానే ఉంది, దాని జోలికి పోలేదు, పోవద్దు కూడా. బ్యారెల్ మూతి మాత్రం ఒక్కటీ మినహాయింపు: దీపం వత్తికి వాడే దూది చిటికెడు తీసి లోపలి అంచు చుట్టూ తిప్పితే ఒకచోట పోగు చిక్కుకుంది, ఎవరో ఇనప రాడ్‌తో ముందు నుంచి క్లీన్ చేసినారన్నమాట. అక్కడ ఉక్కు జరగలేదు, అరిగిపోయింది, వెనక్కి తెచ్చుకునేదానికి ఏమీ లేదు. అన్న ఇత్తడి గుండు, సన్న పేస్టుతో దూది చిక్కనంత వరకే సాపు చేసినాడు. బోల్ట్ తీస్తే వెనక నుంచి రాడ్ నేరుగా పోయే తుపాకీని ముందు నుంచి తోమాల్సిన అవసరమే లేదు, దయచేసి ఎవరూ చేయకండి.

రైఫిల్ క్లబ్ రేంజ్‌లో 50 మీటర్లకి, ఇసుక సంచి మీద పెట్టి కాల్చి చూసినా. కట్టె పనికి ముందు, మూతి సరిచేయకముందు ఒకసారి 5 తూటాలు వేసుకున్నా, గ్రూపు, అంటే తూటాలు పడిన చోట్ల వెడల్పు, 62 మిల్లీమీటర్లు. సెప్టెంబర్‌లో పని అంతా అయినాక అదే తూటాల పెట్టెతో 31. 50 మీటర్ల పోటీ టార్గెట్‌లో 10 వలయం 10.4 మిల్లీమీటర్లే ఉంటాది కాబట్టి ఇది పోటీ తుపాకీ కాదు, 1964 నుంచి వచ్చిన బోర్‌కి నాకు చాలు. 50 తూటాలు వేస్తే 50 కేసులూ బోల్ట్ లాగగానే ఎగిరి పడినాయి. ఒక్కటి మొదటి దెబ్బకి పేలలేదు, గొట్టం టార్గెట్ వైపే పెట్టుకుని 30 సెకన్లు ఆగి, తీసి, తిప్పి పెడితే పేలింది, అది తూటా అంచులో మందు సరిగ్గా పరుచుకోకపోవడం, రిమ్‌ఫైర్‌లో అది మామూలే. కేసులన్నీ ఏరి ఇంటికి తెచ్చుకుని ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసినా, 12 గంటల చోట గీత యాడా లేదు.

అసలు పరీక్ష 2024లో వచ్చింది. మార్చి 16న ఎన్నికల కోడ్, మళ్ళీ స్టేషన్‌లో డిపాజిట్. ఈసారి రెక్సిన్ కవర్ లేదు, గుడ్డ లేదు. ఉక్కు మీద పల్చగా మైనం రుద్ది, బేరింగులకి చుట్టి వస్తుంది చూడండి, తుప్పు పట్టనియ్యని వీసీఐ కాయితం, అది చుట్టి వదులుగా పాలిథిన్ తొడిగి ఇచ్చినా. స్టేషన్ రైటర్ ఇదేంది సార్ చీర ప్యాక్ చేసినట్టు చేసినారు అన్నాడు, కాయితం విప్పకుండా నంబరు కనిపించేట్టు చిన్న కిటికీ కోసి పెట్టినా, ఆయనకీ అది నచ్చింది. జూన్‌లో ఫలితాలు అయినాక తెచ్చుకుని విప్పితే ఒక్కచోట, ముందు సైటు కాలు దగ్గర, ఆవగింజంత ఎర్ర చుక్క. ఆ మూలకి నా వేలు పోదు, మైనం అంటలేదు. ఇప్పుడు ఆ మూలకి అగ్గిపుల్ల కొసతో పూస్తాండా.

అదే ఏడాది అక్టోబర్‌లో దసరా. మా అవ్వ లేదు, మా అమ్మ పసుపు గిన్నె తీసుకొచ్చింది. నేను రిసీవర్ మీది ఆ మూడు గుంటలు చూపించి, అవ్వ పెట్టిన బొట్లు ఇవేమ్మా, ఇవి ఇంక పోవు, కొత్తగా పెట్టాల్సిన పని లేదు అన్నా. అమ్మ వేలితో మూడింటినీ తడిమి చూసింది. బొట్లు తుపాకీ పెట్టే బీరువా తలుపుకి పెట్టింది. పిల్లలు టిక్ కోసం వరసగా నిలబడినారు, ట్రిగ్గర్ బదులు ఒక్కొక్కరి చేతిలో రేంజ్ నుంచి తెచ్చిన ఖాళీ కేసు ఒకటి పెట్టి, అంచు మీద పిన్ కొట్టిన గుర్తు యాడుందో వెతకమన్నా.